గ్రహ శాస్త్రంలో రీసెర్చ్ అవకాశాలు: హైదరాబాద్‌లో ఉండి ఎలా పట్టుకోవాలి, ఎలా అప్లై చేయాలి

గ్రహ శాస్త్రంలో, అంటే చంద్రుడు, గ్రహాల నేల, రాళ్లు, వాతావరణాల మీద, రీసెర్చ్ చేయాలని ఉంది, నోటిఫికేషన్లు ఎక్కడ పడతాయి? 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పటి నుంచి ఈ ప్రశ్న అడిగేవాళ్లు బాగా పెరిగారు. ఉస్మానియాలో జియాలజీ చదివే పిల్లలు అడుగుతున్నారు, గచ్చిబౌలి వైపు ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లు అడుగుతున్నారు, ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ మీద మనసు పడ్డ సాఫ్ట్‌వేర్ వాళ్లూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నదాన్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. నోటిఫికేషన్ కంటపడక చేజారే అవకాశాలు తక్కువ. కంటపడ్డాక చేతిలో ఏమీ సిద్ధంగా లేక చేజారేవే ఎక్కువ. రెఫరెన్స్ లెటర్లు, ట్రాన్స్‌క్రిప్టులు, చూపించుకోవడానికి ఒక చిన్న పని, ఇవేవీ రెండు వారాల గడువులో తయారు కావు. అందుకే వెతకడం గురించి కొంచెం, సిద్ధం కావడం గురించి ఎక్కువగా చెబుతాను.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాస్‌పోర్టు. విదేశీ అవకాశం వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. ఉన్నవాళ్లు గడువు తేదీ చూసుకోండి.
- అన్ని సెమిస్టర్ల మెమోలు, అన్ని మార్కులూ కలిపి ఇచ్చే సీఎంఎం, ప్రొవిజనల్ సర్టిఫికెట్, వచ్చి ఉంటే ఓడీ (ఒరిజినల్ డిగ్రీ). అన్నీ స్కాన్ చేసి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. ఫోన్‌లో వంకరగా తీసిన ఫొటోలు వద్దు.
- యూనివర్సిటీ ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు. టైం పడుతుంది కాబట్టి అవసరం రాకముందే ఒక సెట్ తీసుకోండి.
- రిజర్వేషన్ వర్తిస్తే కేంద్ర ప్రభుత్వ నమూనాలో సర్టిఫికెట్. దీని గురించి కింద వివరంగా ఉంది.
- ఆర్కిడ్ ఐడీ. రీసెర్చర్లకు ఉచితంగా ఇచ్చే 16 అంకెల గుర్తింపు. కాసేపట్లో వచ్చేస్తుంది.
- రెండు పేజీలు దాటని సీవీ, పీడీఎఫ్‌లో.
- మీ పని తెలిసిన ఇద్దరు అధ్యాపకులు. మీ పేరు తెలిస్తే చాలదు, పని తెలిసి ఉండాలి.
- ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, లాప్‌టాప్, అందులో పటాలు గీసి కొలిచే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్. ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం.

1. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో తేల్చుకోండి

డిగ్రీ, ఎమ్మెస్సీ, బీటెక్ చదువుతున్నవాళ్లు ఇంటర్న్‌షిప్‌లు, సమ్మర్ ఫెలోషిప్‌లు, ఉచిత ఆన్‌లైన్ కోర్సులు చూడాలి. ఎమ్మెస్సీ అయిపోయినవాళ్లకు జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), పీహెచ్‌డీ నోటిఫికేషన్లు. పీహెచ్‌డీలో ఉన్నవాళ్లకు కాన్ఫరెన్సులు, ట్రావెల్ గ్రాంట్లు. పీహెచ్‌డీ పూర్తయినవాళ్లకు పోస్ట్‌డాక్‌లు, అంటే పీహెచ్‌డీ తర్వాత కొంతకాలం చేసే రీసెర్చ్ ఉద్యోగాలు. కాలేజీలో పాఠం చెబుతున్న అధ్యాపకులకు, విద్యాసంస్థల్లో పరిశోధనకు డబ్బిచ్చే ఇస్రో రెస్పాండ్ పథకం, మిషన్ డేటా మీద పనిచేయడానికి ఇస్రో అప్పుడప్పుడు పిలిచే ప్రతిపాదనలు.

ఆఖరి దాని విషయంలో విద్యార్థులు పొరపడుతున్నారు. రెస్పాండ్‌కు, మిషన్ డేటా ప్రతిపాదనలకు విద్యార్థి నేరుగా అప్లై చేసే వీలు లేదు. సంస్థ తరఫున అధ్యాపకులే పంపాలి. ప్రాజెక్టు మంజూరయ్యాక అందులో జేఆర్‌ఎఫ్ పోస్టు పడుతుంది, మీ దారి అది. కాబట్టి మీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికి అలాంటి ప్రాజెక్టు ఉందో కనుక్కోండి. నోటీసు బోర్డు చూసినా తెలుస్తుంది, ఆఫీసులో అడిగినా చెబుతారు.

2. ఏడాది పట్టిక వేసుకోండి

ఈ రంగంలో పిలుపులు చాలావరకు ఏటా ఇంచుమించు ఒకే కాలంలో వస్తాయి. కింద ఉన్నవాటిని ఒక ఎక్సెల్ షీట్‌లో వేసి, ప్రతిదానికీ రెండు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. తేదీలు ఏటా కాస్త అటూఇటూ జరుగుతాయి కాబట్టి అసలు ప్రకటన చూశాకే ఖాయం చేసుకోండి.

జనవరి మొదట్లో అమెరికాలోని టెక్సస్‌లో మార్చిలో జరిగే లూనార్ అండ్ ప్లానెటరీ సైన్స్ కాన్ఫరెన్స్‌కు అబ్‌స్ట్రాక్ట్ (మీ పని సారాంశం) గడువు. మన రంగంలో అందరూ ఎదురుచూసేది ఇదే. ఏప్రిల్ ప్రాంతంలో వియన్నాలో జరిగే ఈజీయూకు (యూరప్ భూశాస్త్రాల సంఘం సమావేశం) కూడా జనవరిలోనే. సెప్టెంబర్‌లో జరిగే యూరోప్లానెట్ సైన్స్ కాంగ్రెస్‌కు మే ప్రాంతంలో. మన దేశంలో అయితే అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ, అంటే పీఆర్‌ఎల్, చొరవతో నడిచే ఇండియన్ ప్లానెటరీ సైన్స్ కాన్ఫరెన్స్ ఉంది. మొదటిసారి పేపర్ చెప్పేవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం మంచిది. ఖర్చు తక్కువ, పైగా రేపు మీ ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేవాళ్లలో కొందరు ఇక్కడే మీ పోస్టర్ ముందు నిలబడతారు.

పరీక్షల విషయానికొస్తే జేఆర్‌ఎఫ్ ఇచ్చే సీఎస్‌ఐఆర్ నెట్ జూన్, డిసెంబర్ సైకిళ్లుగా ఉంటుంది, గేట్ ఫిబ్రవరిలో జరుగుతుంది, ఫిజిక్స్ వాళ్లకు పీహెచ్‌డీ ప్రవేశానికి జెస్ట్ అనే పరీక్ష ఉంది. నెట్‌లో ఒక పేపర్ పేరులోనే 'భూమి, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాలు' అని ఉంటుంది. ఆ పేరు చూసి గ్రహాల మీదే ప్రశ్నలొస్తాయని ఆశపడొద్దు. సౌర కుటుంబం పుట్టుక లాంటివి పార్ట్-బి సిలబస్‌లో కొంత ఉన్నాయి కానీ, మార్కులు ఎక్కువగా ఉండే పార్ట్-సి విభాగాలు జియాలజీ, భౌతిక భూగోళశాస్త్రం, జియోఫిజిక్స్, మెటియరాలజీ, సముద్ర శాస్త్రం. మీ డిగ్రీ సబ్జెక్టు గట్టిగా చదివితేనే గట్టెక్కుతారు. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత సీనియర్ ఫెలోగా (ఎస్ఆర్ఎఫ్) 42,000. హెచ్‌ఆర్‌ఏ దీనికి అదనం.

పోస్ట్‌డాక్ వాళ్లు రెండు గుర్తుంచుకోవాలి. నాసా పోస్ట్‌డాక్టోరల్ ప్రోగ్రామ్ గడువులు మామూలుగా ఏటా మార్చి 1, జులై 1, నవంబర్ 1. యూరప్‌లో మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు సెప్టెంబర్. రెండింటికీ విదేశీయులు అర్హులే. అయితే అక్కడి గైడ్‌తో ముందే మాట్లాడుకుని ప్రతిపాదన కలిసి రాయాలి కాబట్టి గడువుకు నాలుగైదు నెలల ముందే పని మొదలు కావాలి.

చదువుకునేవాళ్లకు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది. రెండు నెలలు పేరున్న ల్యాబ్‌లో పనిచేయొచ్చు. వేసవిలో ఫెలోషిప్ కదా అని వేసవిలో వెతికితే దొరకదు, ముందు ఏడాది చివర్లోనే అప్లికేషన్లు తీసుకుంటారు. పీఆర్‌ఎల్ సమ్మర్ ప్రోగ్రామ్‌దీ అదే తీరు, వేసవికి చాలా ముందే పిలుస్తారు. ఇస్రో స్టార్ట్ అనే ఆన్‌లైన్ శిక్షణను 2023లో మొదలుపెట్టింది. దేహ్రాదూన్‌లో ఉన్న ఇస్రో రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ కూడా ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది, చంద్రుడు, అంగారకుడి భూగర్భ శాస్త్రం మీద కూడా ఒకటి పెట్టింది. సర్టిఫికెట్ ఇస్తారు. దాని బరువు తక్కువే. అందులో నేర్చుకున్నదే 4వ మెట్టులో పనికొస్తుంది.

3. ప్రకటనను పెన్ను పట్టుకుని చదవండి

ఫార్వర్డ్ అయిన వాట్సాప్ మెసేజ్ చదివి అప్లై చేయొద్దు. అసలు సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్న పీడీఎఫ్ తెరవండి. ప్రింట్ తీసుకుంటే ఇంకా మేలు. ఐదు చోట్ల గీత గీయండి.

మొదటిది, పౌరసత్వం. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ ఇంటర్న్‌షిప్‌లు, ఫెలోషిప్‌లు ప్రధానంగా దాని సభ్య దేశాలు, అనుబంధ దేశాల పౌరులకే. భారతదేశం ఆ జాబితాలో లేదు. ఎంతోమంది పిల్లలు వారం పది రోజులు కూర్చుని దీనికి ఎస్సే రాస్తున్నారు. అదే యూరప్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థలు పౌరసత్వం చూడవు. గొట్టింగెన్‌లో సౌర కుటుంబ పరిశోధన కోసమే ఒక మాక్స్ ప్లాంక్ సంస్థ, దానికి అనుబంధంగా పీహెచ్‌డీ స్కూలు ఉన్నాయి. ఆ శ్రమ అక్కడ పెట్టండి.

రెండోది, డబ్బు ఎవరు ఇస్తారు. పరిశోధన ప్రతిపాదనలు పిలుస్తూ నాసా ఏటా విడుదల చేసే రోజెస్ అనే పెద్ద ప్రకటన చూసి ఇక్కడి అధ్యాపకులు కొందరు ఉత్సాహపడతారు. విదేశీ సంస్థలు అందులో భాగస్వాములు కావచ్చు గానీ నాసా నుంచి రూపాయి రాదు, ఎవరి ఖర్చు వాళ్లదే. అమెరికన్ బృందంతో సహ పరిశోధకులుగా చేరాలంటే మీ ఖర్చుకు ఇక్కడే దారి చూసుకోవాలి.

మూడోది, తిరకాసు షరతులు. మేరీ క్యూరీలో మీరు వెళ్లాలనుకున్న దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. జర్మనీలో పీహెచ్‌డీ చేసి జర్మనీకే అప్లై చేద్దామనుకునే మనవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. దేశం మార్చుకుంటే సరిపోతుంది, కానీ ముందే తెలియాలి.

నాలుగోది, గడువు గంట. తేదీ ఒక్కటే చూస్తే చాలదు. టెక్సస్ కాన్ఫరెన్స్ గడువు సాయంత్రం 5 అంటే అమెరికా సెంట్రల్ టైం. జనవరిలో మనకూ వాళ్లకూ పదకొండున్నర గంటల తేడా, అంటే మనకు మర్నాడు తెల్లవారుజాము 4:30. వియన్నా వాళ్ల మధ్యాహ్నం 1 గంట అంటే శీతాకాలంలో మనకు అదే రోజు సాయంత్రం 5:30. అమెరికాలో, యూరప్‌లో వేసవికి గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి ఈ తేడాలు అప్పుడు ఒక గంట తగ్గుతాయి. కొన్నిచోట్ల 'భూమ్మీద ఎక్కడైనా' అనే గడువు ఉంటుంది. ఆ లెక్కలో రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు సాయంత్రం 5:29. పట్టికలో మన టైమే రాసుకోండి.

ఐదోది, ఎవరు సబ్మిట్ చేయాలి. మీరా, గైడా, సంస్థా? సంస్థ అయితే రిజిస్ట్రార్ సంతకం, ఎన్‌ఓసీ లాంటివి ఉంటాయి. వాటికి కనీసం పది పనిదినాలు వదిలిపెట్టండి.

ఇక కేంద్ర సంస్థల నోటిఫికేషన్లలో మన పిల్లలు నష్టపోతున్న చోటు సర్టిఫికెట్లు. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి, సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో నాన్ క్రీమీ లేయర్ అని ఉండాలి, నోటిఫికేషన్ అడిగిన ఆర్థిక సంవత్సరానిదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కూ ఏడాది లెక్కే. మీసేవలో అప్లై చేసేటప్పుడే కేంద్ర నమూనా కావాలని చెప్పండి. ఏప్రిల్ దాటగానే కొత్తది తీసి పెట్టుకోండి.

4. ఓపెన్ డేటాతో ఒక చిన్న పని పూర్తి చేయండి

నా దృష్టిలో ఇది అన్నిటికంటే ముఖ్యం. గ్రహ శాస్త్రంలో మనకున్న గొప్ప సౌకర్యం ఏమిటంటే డేటా అందరిదీ. చంద్రయాన్-2 ఆర్బిటర్ పంపిన డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో ఉంది, ఉచితంగా రిజిస్టర్ అయి దించుకోవచ్చు. అమెరికా డేటా నాసా ప్లానెటరీ డేటా సిస్టమ్‌లో ఉంది. చంద్రయాన్-1 మీద వెళ్లిన మూన్ మినరాలజీ మ్యాపర్ డేటా కూడా అక్కడ దొరుకుతుంది, చంద్రుడి నేల మీద హైడ్రాక్సిల్, నీటి ఆనవాళ్లను 2009లో ప్రకటించింది దాని ఆధారంగానే. తార్నాకలో అద్దె గదిలో కూర్చున్న విద్యార్థికీ, పెద్ద విదేశీ యూనివర్సిటీలో ఉన్నవారికీ దొరికేది ఒకటే బొమ్మ. ఇన్ని తలుపులు తెరిచి ఉన్న రంగాలు తక్కువ. అది వాడుకోకుండా 'నాకు ఆసక్తి ఉంది' అని మాత్రమే చెప్పుకుంటే ఎవరూ నమ్మరు.

ఇలా చేయండి.

అ. ముందు బ్రౌజర్‌లోనే తెరుచుకునే చంద్రుడి పటం ఎల్‌ఆర్‌ఓసీ క్విక్‌మ్యాప్‌లో చంద్రుణ్ని చూడండి. లాగిన్ అక్కర్లేదు. ఒక చిన్న ప్రాంతం ఎంచుకోండి. మొదటిసారి అయితే చంద్రయాన్-3 దిగిన చోటు (శివశక్తి పాయింట్), 69.37 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 32.32 డిగ్రీల తూర్పు రేఖాంశం చుట్టుపక్కల మొదలుపెట్టొచ్చు.

ఆ. ఒకే ప్రశ్న పెట్టుకోండి. 'ఈ 20 కిలోమీటర్ల గడిలో క్రేటర్లు (ఉల్కలు పడి ఏర్పడ్డ గుంటలు) ఎన్ని, ఏ సైజువి, ఎంతమేర అరిగిపోయాయి?' చాలు. 'చంద్రుడి పరిణామం' అని పెట్టుకుంటే ఏళ్లు పడుతుంది.

ఇ. ప్రదాన్‌లో ఆ చోటుకు సంబంధించి చంద్రయాన్-2లోని టీఎంసీ-2 కెమెరా తీసిన బొమ్మ దించుకోండి. దాని రిజల్యూషన్ సుమారు 5 మీటర్లు. దానిలోనే ఉన్న మరో కెమెరా ఓహెచ్‌ఆర్‌సీ బొమ్మ అయితే పావు మీటరు దాకా చూపిస్తుంది, కానీ అది ఇరుకైన పట్టీ, ఒక్కో ఫైలు జీబీ దాకా ఉంటుంది. హాస్టల్ వైఫై అయితే తెల్లవారుజామున పెట్టుకోండి.

ఈ. క్యూజీఐఎస్‌లో తెరిచి క్రేటర్లు గీయండి, పట్టిక తీయండి.

ఇక్కడ మూడు తప్పులు దాదాపు అందరూ చేస్తారు.

క్యూజీఐఎస్ అలవాటుగా భూమి కొలతలే తీసుకుంటుంది. చంద్రుడి వ్యాసార్థం 1737.4 కిలోమీటర్లు, భూమిది దానికి 3.67 రెట్లు. ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో చంద్రుడి కోఆర్డినేట్ సిస్టమ్ పెట్టకపోతే మీ దూరాలన్నీ అన్ని రెట్లు ఎక్కువ వస్తాయి. సరిచూసుకోవడం తేలిక: చంద్రుడి మీది కోపర్నికస్ క్రేటర్‌ను కొలవండి. అడ్డంగా 93 కిలోమీటర్ల ప్రాంతంలో వస్తే మీ సెట్టింగ్ సరైనది. 340 వచ్చిందంటే మీరు భూమి మీదే ఉన్నారు. ఏ పని మొదలుపెట్టినా ముందు ఈ ఒక్క కొలత తీసి, స్క్రీన్‌షాట్ దాచుకోండి. గైడ్‌కు చూపిస్తే మీ మీద గురి కుదురుతుంది.

రెండోది రేఖాంశాలు. కొన్ని డేటాలు 0 నుంచి 360 వరకు రాస్తాయి, కొన్ని మైనస్ 180 నుంచి 180 వరకు. 330, మైనస్ 30 ఒకటే చోటు. అంగారకుడి పాత పటాల్లో రేఖాంశాన్ని పడమర వైపు లెక్కించడం కూడా ఉంది. వేరే పేపర్ నుంచి స్థానం తీసుకున్నప్పుడు ఏ పద్ధతో చూసుకోండి.

మూడోది వెలుగు దిశ. సూర్యకాంతి బొమ్మలో కింది నుంచి పడుతుంటే మన కంటికి గుంటలు గుట్టల్లా కనిపిస్తాయి. క్రేటర్ అనుకున్నది నిజంగా గుంటేనా అని అనుమానం వస్తే బొమ్మను 180 డిగ్రీలు తిప్పి చూడండి, బొమ్మతో పాటు వచ్చిన ఫైలులో సూర్యుడి దిశ కూడా చదవండి.

కంప్యూటర్ పని ఇష్టం లేనివాళ్లకు వేరే దారి ఉంది. హైదరాబాద్ గ్రానైట్ మీద ఉంది, పడమరగా వికారాబాద్ వైపు వెళ్తే డెక్కన్ ట్రాప్ బసాల్ట్, అంటే లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి, తగులుతుంది. మహారాష్ట్రలోని లోనార్ ఈ బసాల్ట్‌లోనే ఉల్క పడి ఏర్పడిన క్రేటర్, 1.8 కిలోమీటర్ల వెడల్పు. చంద్రుడి మీద, అంగారకుడి మీద ఉన్న బసాల్ట్ నేలలతో పోల్చడానికి ప్రపంచమంతా దాని వైపు చూస్తుంది. మీ డిపార్ట్‌మెంట్ ఫీల్డ్ ట్రిప్ అటు పెట్టించగలిగితే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అంతకంటే మంచి విషయం దొరకదు. రాళ్ల నమూనాలు మాత్రం అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.

5. ప్రొఫెసర్‌కు మెయిల్ రాయండి

ఇంగ్లిష్‌లోనే రాయాలి. 'చిన్నప్పటి నుంచి అంతరిక్షం అంటే ఇష్టం' అని మొదలుపెట్టే మెయిళ్లు రోజూ వస్తుంటాయి, అవి అక్కడే ఆగిపోతాయి. ఇలా ఉండాలి:

'ఉస్మానియాలో ఎమ్మెస్సీ జియాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. శివశక్తి పాయింట్ దగ్గర 20 కిలోమీటర్ల గడిలో టీఎంసీ-2 బొమ్మ మీద క్రేటర్లు లెక్కించాను, పటం జతచేశాను. చిన్న సైజు క్రేటర్లు నేను ఊహించినదానికంటే తక్కువగా వచ్చాయి. మీరు ఇదే విషయం మీద రాసిన పేపర్‌లో వాలు ప్రభావం గురించి చెప్పారు. మే, జూన్ నెలల్లో మీ దగ్గర దీని మీద పనిచేసే వీలుంటుందా?'

అంతే. ఒక పటం, ఒక ప్రశ్న, ఒక అభ్యర్థన. ఒకే మెయిల్‌ను ముప్పై మందికి కాపీ పెట్టి పంపొద్దు, వాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. పది రోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి.

హైదరాబాద్‌లోనే తట్టాల్సిన తలుపులు ఉన్నాయి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ పేరుతో మెట్రో స్టేషనే ఉంది. అక్కడ సీఎస్‌ఐఆర్ ల్యాబుల్లో డిగ్రీలిచ్చే ఏసీఎస్‌ఐఆర్ అనే అకాడమీ ద్వారా పీహెచ్‌డీ, ఏటా జనవరి, ఆగస్టు సెషన్లకు ప్రవేశాలు. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ కూడా ఇస్రోదే, రిమోట్ సెన్సింగ్ నేర్చుకోవడానికి స్టూడెంట్ ప్రాజెక్టులు ఇస్తుంది. ఇస్రో ఇంటర్న్‌షిప్‌లకు కనీసం 60 శాతం లేదా 10కి 6.32 సీజీపీఏ అడుగుతారు. హెచ్‌సీయూలో భూ, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం, ఉస్మానియాలో జియాలజీ, జియోఫిజిక్స్, ఖగోళ శాస్త్ర విభాగాలు ఉన్నాయి. వీటిలో చాలాచోట్ల నేరుగా గ్రహాల మీద పనిచేసేవాళ్లు కొద్దిమందే ఉంటారు. అయినా స్పెక్ట్రోస్కోపీ, రాడార్, ఇమేజ్ ప్రాసెసింగ్, శిలా రసాయనం ఎవరి దగ్గర నేర్చుకున్నా అవి చంద్రుడికీ పనికొస్తాయి. ఇక్కడ పద్ధతి నేర్చుకుని, పీహెచ్‌డీకి పీఆర్‌ఎల్‌కో, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీకో వెళ్లడం మంచి దారి. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం చంద్రయాన్-4కూ, శుక్రుడి ఆర్బిటర్ మిషన్‌కూ అనుమతి ఇచ్చింది. ఆ డేటా వచ్చేసరికి చేయి తిరిగినవాళ్లు కావాలి.

6. పేరు సరిచూసుకోండి

తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన టెన్షన్. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో చివరికి వెళ్లి ఉంటుంది. ఒక పేపర్ మీద ఒకలా, ఇంకో పేపర్ మీద ఇంకోలా అచ్చయితే మీ పనులు ఇద్దరు మనుషులవిగా లెక్కపడతాయి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అప్లికేషన్లలో, కాన్ఫరెన్స్ రిజిస్ట్రేషన్‌లో, వీసా ఫారంలో అలాగే రాయండి. పేపర్ల మీద వాడే పేరు ఒక్కసారి ఖాయం చేసుకుని మార్చకండి, ఆర్కిడ్‌లో మిగతా రూపాలు కూడా చేర్చండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు వీలైనంత త్వరగా సరిచేయించుకోవడం మేలు.

7. అబ్‌స్ట్రాక్ట్ రాయండి

టెక్సస్ కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్ట్ రెండు పేజీలు, బొమ్మలు, రెఫరెన్సులు అన్నీ అందులోనే. వాళ్ల టెంప్లేట్‌నే వాడండి, మార్జిన్లు తగ్గించి ఇరికించొద్దు. చంద్రుడు భూమికి ఉపగ్రహం అని మొదలుపెట్టే పేరా తీసేయండి, చదివేవాళ్లకు అది తెలుసు. మొదటి నాలుగు వాక్యాల్లో ప్రశ్న, డేటా, మీకు వచ్చిన ఫలితం ఉండాలి. 'ఫలితాలు కాన్ఫరెన్స్‌లో చెబుతాం' అని రాస్తే తిరస్కరించే అవకాశం ఎక్కువ. పటం మీద స్కేలు, ఉత్తర దిక్కు, బొమ్మ నంబరు తప్పనిసరి.

సరిచూసుకోవడానికి: రంగంతో సంబంధం లేని స్నేహితుడికి ఇచ్చి 'నేనేం కనుక్కున్నాను?' అని అడగండి. ఒక వాక్యంలో చెప్పలేకపోతే మళ్లీ రాయండి.

8. రెఫరెన్స్ లెటర్లు అడగండి

కనీసం మూడు వారాల ముందు. ప్రకటన లింకు, మీ సీవీ, మీ పని ఒక పేజీలో, గడువు మన టైంలో, ఇవన్నీ ఒకే మెయిల్‌లో ఇవ్వండి. 'సార్, మీరే ఏదో ఒకటి రాయండి' అంటే ఏదో ఒకటే వస్తుంది. మీరు ఏ ప్రాజెక్టు చేశారో, అందులో ఏ కష్టం ఎలా దాటారో గుర్తుచేయండి. లెటర్ యూనివర్సిటీ మెయిల్ ఐడీ నుంచి వెళ్లేలా అడగండి. జీమెయిల్ నుంచి వచ్చిన లెటర్లను చాలాచోట్ల తీసుకోరు. లెటర్ మీరే రాసుకొస్తే సంతకం పెడతానని గైడ్ అంటే, వివరాల జాబితా ఇచ్చి వారినే రాయమని బతిమాలండి. ఒకే శైలిలో ఉన్న రెండు లెటర్లను కమిటీ ఇట్టే పసిగడుతుంది.

9. డబ్బు, వీసా

అబ్‌స్ట్రాక్ట్ అంగీకరించాక ట్రావెల్ గ్రాంట్ వెతికితే ఆలస్యం. పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్, సీఎస్‌ఐఆర్, మీ యూనివర్సిటీ, కాన్ఫరెన్స్ నిర్వాహకులు, నాలుగు వైపులా గడువులు ముందే చూడండి. సగం ఖర్చే ఇచ్చేవి ఉంటాయి, కొన్ని ముందు మీరు పెట్టుకుంటే తర్వాత ఇస్తాయి. అమెరికా వీసా ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోనే అయినా స్లాట్ దొరకడమే కష్టం. మార్చి కాన్ఫరెన్స్‌కు అంగీకార పత్రం వచ్చాక మొదలుపెడితే అందదు. చేతిలో వీసా లేకుండా వాపసు రాని టికెట్ కొనొద్దు. వెళ్లే వీలు లేకపోతే ఆన్‌లైన్‌లో చెప్పే అవకాశం ఇస్తున్నారేమో అడగండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

10. సబ్మిట్ చేసే ముందు, తర్వాత

గడువుకు రెండు రోజుల ముందే పంపండి. ఆఖరి గంటలో సర్వర్లు మొరాయిస్తాయి. పీడీఎఫ్‌ను మీ లాప్‌టాప్‌లో కాకుండా వేరేవాళ్ల ఫోన్‌లో తెరిచి చూడండి, గ్రీకు అక్షరాలు, డిగ్రీ గుర్తులు డబ్బాలుగా మారిపోయాయేమో తెలుస్తుంది. ఫైలు పేరు 'ఫైనల్ ఫైనల్ 3' అని కాకుండా మీ పేరు, ప్రకటన పేరుతో పెట్టండి. పంపాక కన్ఫర్మేషన్ మెయిల్ రావాలి. రాకపోతే స్పామ్ చూడండి, అక్కడా లేకపోతే సబ్మిట్ కాలేదనే అనుకుని మళ్లీ లాగిన్ అయి స్టేటస్ చూడండి. ఫీజు కట్టడం వేరే మెట్టుగా ఉన్నచోట, ఫీజు కట్టనిదే అప్లికేషన్ లెక్కలోకి రాదు.

నకిలీలను గుర్తుపట్టడం

ఇస్రోలో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని ఎవరైనా మధ్యలో ఉండి డబ్బు అడిగితే అది మోసం. ఇస్రో కేంద్రాల ప్రకటనలు 'డాట్ గవ్ డాట్ ఇన్'తో ముగిసే వాటి సొంత సైట్లలో ఉంటాయి, లేకపోతే నమ్మకండి. కాన్ఫరెన్సుల్లో కూడా నకిలీలున్నాయి. మీ పేపర్ ఒక్కటీ చదవకుండా 'ప్రముఖ శాస్త్రవేత్త గారూ' అని పిలిచి, గ్రహ శాస్త్రం, నర్సింగ్, మేనేజ్‌మెంట్ అన్నీ ఒకే హోటల్‌లో రెండు రోజుల్లో పెట్టే మెయిల్ వస్తే తీసేయండి. అనుమానం ఉంటే గత సంవత్సరాల ప్రోగ్రామ్ పుస్తకం తెరిచి, అందులో పీఆర్‌ఎల్ లాంటి తెలిసిన సంస్థల వాళ్లు ఉన్నారో లేదో చూడండి.

రాకపోతే

కారణం అడుగుతూ రెండు వాక్యాల మెయిల్ పెట్టండి, కొందరు చెబుతారు. రివ్యూ ఇస్తే దాన్ని పట్టికలో ఆ ప్రకటన పక్కనే రాసుకోండి. అదే పని సరిచేసి తర్వాతి గడువుకు పంపొచ్చు: జనవరిలో కుదరని అబ్‌స్ట్రాక్ట్ మేలో యూరోప్లానెట్‌కు సరిపోతుంది, పీఆర్‌ఎల్ సమ్మర్ రానివాళ్లు ఆ రెండు నెలలూ ఎన్‌ఆర్‌ఎస్‌సీ ప్రాజెక్టుకో, సొంత డిపార్ట్‌మెంట్‌లోనో అదే గడిలో మిగిలిన క్రేటర్లు పూర్తి చేయొచ్చు. పంపే ముందు తేదీలు, డేటా వెర్షన్, రెఫరెన్సులు తాజావేనా చూసుకోండి. మెయిల్‌లో పాత కాన్ఫరెన్స్ పేరు మిగిలిపోలేదని కూడా ఒకసారి చూడండి.